గాంధారంలో వచ్చి షడ్జమంలో వెళ్ళిన రైలు

కిందటి వర్షాకాలం చివర్లో మా నాన్నగారి ఎడమకాలి బొటనవేలికి చెప్పు ఒరుసుకుని చిన్న పుండు పడింది. పదిహేను రోజులైనా మానలేదు. ఆయనకు షుగరు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అప్పటికి ఆయన బందరు నుంచి వచ్చి సచిన్‌లో మా దగ్గరే ఉంటున్నారు. సూరత్‌లో చూపిస్తే డాక్టరుగారు పుండు శుభ్రం చేయించి, చీటీ మీద ఒక్క ముక్క రాశారు: ‘రెండు కాళ్ళకూ డాప్లర్’. పరీక్షకు నాలుగు రోజుల తరువాత సమయం ఇచ్చారు.

ఇంటికి వచ్చాక నాన్న ఆ చీటీని రెండుసార్లు మడిచి, విప్పి, “ఒరేయ్, ఇది కాలు తీసేసే ముందు చేసే పరీక్షేనా?” అని అడిగారు. ఊళ్ళో ఆయన స్నేహితుడొకాయనకు అలాగే జరిగింది. ఆయనకూ పుండుతోనే మొదలైంది, ఆయన చీటీ మీదా ఈ మాటే ఉందట. నేను చదివింది కామర్సు. బ్రాంచిలో ఎవరేం అడిగినా ఏదో ఒకటి చెప్పగలను కానీ, దీనికి నా దగ్గర జవాబు లేదు.

జవాబు పదకొండో తరగతి చదువుతున్న మా అమ్మాయి దగ్గర దొరికింది. “అది జబ్బు పేరు కాదు తాతయ్యా, ఒక మనిషి పేరు. మా తరంగాల పాఠంలో ఉంది. రైలు కూత పాఠం” అంది. రైలు కూతకూ కాలి పుండుకూ సంబంధమేమిటని నాన్న నవ్వారు. ఆ నాలుగు రోజులూ మేము ముగ్గురం బాల్కనీలో కూర్చుని నేర్చుకున్నదే ఈ వ్యాసం. మన కుటుంబాల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట రాసిన చీటీ చేతికి వస్తుంది. పిల్లలకేమో పరీక్షలో ప్రశ్నగా వస్తుంది. ఇద్దరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు అల సంగతి

సచిన్ అంటే సూరత్‌కు దక్షిణాన, ముంబై-అహ్మదాబాద్ రైలు మార్గం మీద ఉన్న చిన్న ఊరు. పక్కనే పెద్ద పారిశ్రామికవాడ. మరమగ్గాలు, అద్దకం మిల్లులు పగలూ రాత్రీ నడుస్తుంటాయి. మా ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది, పట్టాలకు సుమారు వంద మీటర్ల దూరం. అల అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు.

సూరత్ వాళ్ళు ఆదివారం డుమస్ సముద్రతీరానికి వెళతారు. అక్కడ నీళ్ళలో ఎవరో వదిలిన కొబ్బరికాయను చూడండి. ఒడ్డుకు దూరంగా ఉన్నప్పుడు అల వస్తే కాయ పైకి లేస్తుంది, అల పోతే కిందికి దిగుతుంది. దాదాపు ఉన్నచోటే ఊగుతుంది తప్ప అలతోపాటు పరుగెత్తదు. అంటే ప్రయాణం చేస్తున్నది నీరు కాదు, నీటిలో పుట్టిన కదలిక. అల మోసుకుపోయేది శక్తిని, సరుకును కాదు.

శబ్దమూ అంతే. దాన్ని చూడాలంటే సచిన్ స్టేషన్‌లో ఆగి ఉన్న గూడ్సు బండి బయలుదేరేటప్పుడు చూడాలి. ఇంజను ఒక్క గుంజు గుంజగానే మొదటి వ్యాగను కదులుతుంది, తరువాత రెండోది, మూడోది... ‘టక్ టక్ టక్’ అంటూ ఆ కుదుపు చివరి వ్యాగను దాకా పరుగెడుతుంది. ఒక్కో వ్యాగను కదిలింది మూరెడే, కుదుపు మాత్రం అర కిలోమీటరు వెళ్ళింది. గాలిలో శబ్దం వెళ్ళే తీరు ఇదే. గాలి పొర పక్క పొరను నెడుతుంది, అది దాని పక్కదాన్ని నెడుతుంది. కదలిక అల వెళ్ళే దారిలోనే ముందుకూ వెనక్కూ జరిగితే దాన్ని అనుదైర్ఘ్య తరంగం అంటారు. చీర కొస పట్టుకుని దులిపినప్పుడు వచ్చే అలలో బట్ట పైకీ కిందికీ ఊగుతుంది, అల మాత్రం పొడవునా పోతుంది. అది తిర్యక్ తరంగం.

ఇక రెండు కొలతలు తెలిస్తే చాలు. మగ్గం నిమిషానికి ఇన్ని దెబ్బలు వేస్తుందని నేతవాళ్ళు చెబుతారు. అలాగే సెకనుకు ఎన్ని అలలు వస్తున్నాయో చెప్పే లెక్క పౌనఃపున్యం, దాని కొలమానం హెర్ట్జ్. మన చెవికి అదే శ్రుతిగా వినిపిస్తుంది. ఎక్కువైతే సన్నని గొంతు, తక్కువైతే బొంగురు గొంతు. ఒక అల తల నుంచి పక్క అల తల దాకా ఉన్న దూరం తరంగదైర్ఘ్యం. ఈ రెండింటినీ గుణిస్తే అల వేగం వస్తుంది. గాలిలో శబ్దవేగం సెకనుకు దాదాపు 340 మీటర్లు. రైలు హారను సెకనుకు 400 అలలు పుట్టిస్తుంటే, 340ని 400తో భాగిస్తే ఒక్కో అల పొడవు 0.85 మీటరు. అంటే 85 సెంటీమీటర్లు.

ఎడ్లబండి, సైకిలు, ఎదురుకోలు

ఇక్కడిదాకా నాన్నకు బాగానే ఉంది. “మరి డాప్లర్ చెప్పిందేమిటి?” అన్నారు. దానికి మా అమ్మాయి పుస్తకంలో ఉన్న సూత్రం చూపిస్తే ఆయన మొహం తిప్పుకున్నారు. అప్పుడు ఆయనకు తెలిసిన లోకంలోంచే ఒక లెక్క అల్లుకున్నాం.

వెనకటి రోజుల్లో మగపెళ్ళివారు ఎడ్లబండి మీద తరలి వస్తున్నారు అనుకుందాం. బండి వేగం గంటకు 5 కిలోమీటర్లు. గంటకొకసారి ఒక కుర్రాణ్ణి సైకిలు మీద ముందుకు పంపి, ఆడపెళ్ళివారికి కబురు పెడుతున్నారు. సైకిలు వేగం గంటకు 15 కిలోమీటర్లు.

బండి దారిలో ఆగిపోయి ఉంటే కుర్రాళ్ళు సరిగ్గా గంటకొకరు చొప్పున వస్తారు. కానీ బండి నడుస్తోంది. మొదటి కుర్రాడు బయలుదేరిన గంటకు రెండోవాడు బయలుదేరతాడు, అప్పటికి బండి 5 కిలోమీటర్లు ముందుకు వచ్చేసింది. ఆ 5 కిలోమీటర్లు అతను తొక్కనక్కరలేదు, అంటే 20 నిమిషాలు కలిసివచ్చింది. కనుక ఆడపెళ్ళివారింటికి కబుర్లు 60 నిమిషాలకు బదులు 40 నిమిషాలకొకటి చేరతాయి.

పెళ్ళయి బండి తిరిగి వెళుతూ, అదే పద్ధతిలో కుర్రాళ్ళను వెనక్కి పంపుతోంది అనుకోండి. ఇప్పుడు రెండోవాడు 5 కిలోమీటర్లు అదనంగా తొక్కాలి. కబుర్లు 80 నిమిషాలకొకటి వస్తాయి. పంపేవాళ్ళు గంటకొకరిని పంపడం మార్చలేదు, సైకిళ్ళ వేగమూ మారలేదు. బండి కదలడం వల్ల మాత్రమే అందే లెక్క మారింది.

“మరి ఎదురుకోలు?” అన్నారు నాన్న. అది మేము అనుకోని మంచి ప్రశ్న. బండి ఒకచోట ఆగి ఉంది, ఆడపెళ్ళివారే మేళంతో గంటకు 5 కిలోమీటర్ల నడకన ఎదురెళుతున్నారు. అప్పుడు ఇద్దరు కుర్రాళ్ళ మధ్య దూరం 15 కిలోమీటర్లు. ఎదురెళుతున్నారు కనుక ఇరువైపుల వేగాలూ కలిసి గంటకు 20 కిలోమీటర్లు. 15 కిలోమీటర్లకు పట్టేది 45 నిమిషాలు. బండి కదిలితే 40, మనం కదిలితే 45. గాలిలో వచ్చే శబ్దానికి ఈ తేడా నిజంగానే ఉంటుంది. పిల్లలు పరీక్షలో రెండు సూత్రాలు ఎందుకున్నాయని తికమకపడేది ఇక్కడే. బండి కదిలినప్పుడు కుర్రాళ్ళ మధ్య దూరమే తగ్గిపోతుంది. మనం కదిలినప్పుడు ఆ దూరం అలాగే ఉంటుంది, వాళ్ళను కలుసుకునే జోరు మారుతుంది.

బండి స్థానంలో రైలును, కుర్రాళ్ళ స్థానంలో అలలను పెట్టండి. డాప్లర్ ప్రభావం అంటే అంతే.

రైలు లెక్క, నాన్న చెవి

రాజధాని, వందేభారత్ వంటి బండ్లు సచిన్‌లో ఆగవు, కూత వేస్తూ దూసుకుపోతాయి. మా నాన్న ఊళ్ళో రామమందిరం భజనకు నలభై ఏళ్ళు హార్మోనియం వాయించారు. రెండో రోజు రాత్రి ఒక బండి వెళ్ళాక ఆయన, “గాంధారంలో వచ్చి షడ్జమంలో పోయిందిరా” అన్నారు. “ఏ గాంధారం తాతయ్యా?” అంటే, “సాధారణ గాంధారం” అని తేల్చేశారు.

మా అమ్మాయి వెంటనే లెక్క వేసింది. రైలు గంటకు 108 కిలోమీటర్ల వేగంతో వెళుతోంది అనుకుంటే సెకనుకు 30 మీటర్లు. హారను 400 హెర్ట్జ్. రైలు మన వైపు వస్తుంటే, ఒక సెకనులో పుట్టిన 400 అలలు 340 మీటర్లలో పరుచుకోవలసింది 310 మీటర్లలో ఇరుక్కుంటాయి. ఒక్కో అల 0.775 మీటరు. అవి మనల్ని చేరే వేగం మాత్రం 340 మీటర్లే, కనుక చెవికి వినిపించేది 439 హెర్ట్జ్. రైలు దాటిపోయాక అవే 400 అలలు 370 మీటర్లలో సాగుతాయి. ఒక్కోటి 0.925 మీటరు, వినిపించేది 368 హెర్ట్జ్.

439ని 368తో భాగిస్తే 1.19. సంగీతంలో షడ్జమానికీ సాధారణ గాంధారానికీ ఉన్న నిష్పత్తి ఆరుకు అయిదు, అంటే 1.2. హార్మోనియం మెట్ల మీద లెక్కపెడితే మూడు మెట్లు దిగినట్టు. సూత్రం తెలియని నాన్న చెవి, సూత్రం తెలిసిన మనవరాలి లెక్క ఒకేచోట కలిశాయి. నాన్న మొహంలో ఆ వారం రోజుల్లో మొదటిసారి వెలుగు చూశాను.

అందరం పొరబడే చోటు

మరునాడు ఒక గొడవ వచ్చింది. మా అమ్మాయి నోట్సులో ‘రైలు దగ్గరికి వస్తున్నకొద్దీ శ్రుతి పెరుగుతూ పోతుంది’ అని రాసుకుంది. నేనూ అంతే అనుకుంటున్నాను. నాన్న ఒప్పుకోలేదు. “పెరిగేది గొంతు అమ్మడూ, శ్రుతి కాదు. శ్రుతి పెరగడం నేను వినలేదు. ముందు నిలకడగా ఉంటుంది, తరువాత జారుతుంది” అన్నారు.

ఫోనులో వాయిద్యాల శ్రుతి చూసే ట్యూనర్ యాప్ పెట్టి పరీక్షించాం. నాన్న మాటే నిజమైంది. తిరిగి ఆలోచిస్తే కారణం సూత్రంలోనే ఉంది. శ్రుతి ఆధారపడేది రైలు వేగం మీద, దూరం మీద కాదు. బండి పది కిలోమీటర్ల దూరంలో ఉన్నా, ఒక కిలోమీటరు దూరంలో ఉన్నా కబుర్లు 40 నిమిషాలకొకటే కదా! దగ్గరయ్యేకొద్దీ పెరిగేది శబ్ద తీవ్రత. హోరు పెరిగితే శ్రుతి కూడా పెరిగినట్టు మన మనసు భ్రమపడుతుంది.

మరి జారుడు ఎందుకు? దీన్ని రెండు చోట్ల విన్నాం. బాల్కనీలో వింటే శ్రుతి ఆరేడు సెకన్లపాటు మెల్లగా, జారుడు గమకంలా దిగింది. సాయంత్రం ప్లాట్‌ఫాం మీద వెనకగా ఉన్న బెంచీ మీద కూర్చుని వింటే, కత్తితో తెగ్గొట్టినట్టు ఒక్కసారిగా పడింది. రైలు వేగమంతా లెక్కలోకి రాదు, అందులో మన వైపు ఉన్న భాగమే లెక్కలోకి వస్తుంది. రైలు దూరంగా ఉన్నప్పుడు దాదాపు సూటిగా మన వైపే వస్తుంది. మన ముందు నుంచి అడ్డంగా వెళ్ళేటప్పుడు దగ్గరా కావడం లేదు, దూరమూ కావడం లేదు. ఆ స్థితిలో పుట్టిన కూత అసలు శ్రుతిలోనే, 400 హెర్ట్జ్‌లోనే, వినిపిస్తుంది. పట్టాలకు దగ్గరగా ఉంటే ఈ మార్పు క్షణంలో అయిపోతుంది, దూరంగా ఉంటే నెమ్మదిగా సాగుతుంది. గణితంలో ఈ భాగాన్ని కోణం కొసైన్ అంటారు. ఈ కోణం మాటను గుర్తుంచుకోండి. ఆసుపత్రిలో మళ్ళీ అవసరం పడింది.

ఇంతకీ ఈ డాప్లర్ ఎవరు?

క్రిస్టియన్ డాప్లర్ 1803లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో, రాతిపని చేసే కుటుంబంలో పుట్టారు. 1842 మే 25న ప్రాగ్ నగరంలో జంట నక్షత్రాల రంగుల గురించి ఒక పత్రం చదివారు. కాంతి కూడా తరంగమే కనుక, మన వైపు వచ్చే నక్షత్రం రంగు, దూరమయ్యే నక్షత్రం రంగు మారి కనిపించాలని ఆయన వాదన. సూత్రం సరైనదే. కానీ నక్షత్రాల రంగుల్లో మన కంటికి కనిపించే తేడాలకు ముఖ్య కారణం వాటి ఉష్ణోగ్రత. ఉదాహరణ తప్పింది, సూత్రం నిలిచింది.

దాన్ని పరీక్షించింది నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బైస్ బాలోట్. 1845లో యుట్రెక్ట్, మార్సెన్ ఊళ్ళ మధ్య రైలును తీసుకుని, బండి మీద కొమ్ముబూర వాయించే వాళ్ళను ఎక్కించి ఒకే స్వరం ఊదమన్నారు. పట్టాల పక్కన మంచి స్వరజ్ఞానం ఉన్న సంగీతకారులను నిలబెట్టి, ఏ స్వరం వినిపించిందో చెప్పమన్నారు. చలికాలంలో మొదటి ప్రయత్నం వాతావరణం వల్ల చెడింది, జూన్‌లో మళ్ళీ చేస్తే నెగ్గింది. శ్రుతి కొలిచే యంత్రం లేని రోజుల్లో మనిషి చెవే యంత్రం. ఈ సంగతి చదివి వినిపిస్తే నాన్న, “అయితే వాళ్ళు చేసిన పనే నేనూ చేశాను” అన్నారు. నిజమే కదా!

డాప్లర్ 1853 మార్చి 17న, యాభై ఏళ్ళు నిండకుండానే వెనిస్‌లో మరణించారు. సరిగ్గా నెల తిరిగేసరికి, ఏప్రిల్ 16న, మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు బోరీబందర్ నుంచి ఠాణేకు కూత వేస్తూ బయలుదేరింది.

రక్తం కూత

నాలుగో రోజు ముగ్గురం వెళ్ళాం. పరీక్ష గదిలో చీకటి. కాలి మీద చల్లని జెల్ పూసి, చేతిలో పట్టేంత ప్రోబును తొడ మీద ఆనించారు. గాలి పొర అడ్డుంటే ధ్వని లోపలికి దిగకుండా వెనక్కి పోతుంది కనుక ఆ జెల్. ఇందులో సూది లేదు, రేడియేషన్ లేదు. మనిషి చెవికి అందని అతిధ్వనిని లోపలికి పంపుతారు. మనకు దాదాపు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినపడుతుంది. ఇక్కడ వాడేది లక్షల హెర్ట్జ్‌లలో ఉంటుంది. అది రక్తకణాలకు తగిలి వెనక్కి వస్తుంది. కణం కదులుతోంది కనుక తిరిగి వచ్చే శ్రుతి మారుతుంది. ఆ మార్పును బట్టి రక్తవేగం తెలుస్తుంది.

ఉదాహరణకు పంపింది 50 లక్షల హెర్ట్జ్, రక్తవేగం సెకనుకు అర మీటరు, ప్రోబుకూ రక్తనాళానికీ మధ్య కోణం 60 డిగ్రీలు అనుకుందాం. శరీరంలో ధ్వనివేగం గాలిలోకన్నా ఎక్కువ, సెకనుకు దాదాపు 1,540 మీటర్లు. 60 డిగ్రీలకు కొసైన్ విలువ సగం. ఇంకొక ముఖ్యమైన మాట: ఇక్కడ మార్పు రెండుసార్లు జరుగుతుంది. ధ్వని వచ్చి తగిలేటప్పుడు కణం ఎదురుకోలుకు వెళ్ళే ఆడపెళ్ళివారిలాంటిది. ధ్వనిని తిప్పి పంపేటప్పుడు అదే కణం నడిచే బండి. అందుకే రెండుతో గుణించాలి. 2 × 50,00,000 × 0.5 × 0.5ను 1,540తో భాగిస్తే దాదాపు 1,620 హెర్ట్జ్.

50 లక్షల్లో ఇది మూడు వేలలో ఒక వంతు మార్పు. కానీ యంత్రం పంపిన శ్రుతినీ తిరిగి వచ్చినదాన్నీ కలిపి తేడాను మాత్రమే తీస్తుంది. ఆ తేడా మన చెవికి వినపడే హద్దుల్లోనే ఉంది! అందుకే యంత్రం స్పీకరు లోంచి ‘ఝుమ్... ఝుమ్...’ అని శబ్దం వచ్చింది. నాన్న ఉలిక్కిపడ్డారు. “దాదా, అది మీ రక్తం చప్పుడే” అన్నాడు టెక్నీషియను హిందీలో. నాన్న కళ్ళు మూసుకుని వినడం మొదలుపెట్టారు.

ప్రోబును అతను ఎప్పుడూ ఏటవాలుగానే పట్టుకోవడం మా అమ్మాయి గమనించింది. నిటారుగా పెడితే రక్తం దాని ముందు అడ్డంగా పోతుంది. మన ముందు నుంచి అడ్డంగా వెళ్ళే రైలు లాంటిదే, మార్పు సున్నా. అంటే పారుతున్న రక్తం కూడా ఆగిపోయినట్టు కనిపించవచ్చు. బాల్కనీలో నేర్చుకున్న కోణం పాఠం అక్కడ కళ్ళముందు కనిపించింది.

తెర మీద ఎరుపు, నీలం రంగులు వచ్చాయి. “నీలం ఉందేమిటి? చెడ్డ రక్తమా?” అని నాన్న ఆందోళనపడ్డారు. ఆ భయం చాలామందికి ఉంటుంది కనుక చెబుతున్నాను. ఆ రంగులు రక్తానివి కావు, దిక్కును చూపేందుకు యంత్రం వేసే గుర్తులు. మామూలుగా ప్రోబు వైపు వచ్చే రక్తాన్ని ఎరుపుగా, దూరంగా వెళ్ళేదాన్ని నీలంగా చూపిస్తారు. ప్రోబును అటునుంచి ఇటు వంచితే అదే నాళం రంగు మారిపోతుంది.

ఇంతకీ డాక్టర్లు వెతికేది ఏమిటి? తోటలో నీళ్ళ గొట్టం మూతిని బొటనవేలితో నొక్కితే నీరు జోరుగా చిమ్ముతుంది. ధమనిలో కొవ్వు పేరుకుని ఇరుకైనచోట రక్తమూ అంతే జోరందుకుంటుంది, శ్రుతి పెరుగుతుంది. పక్క భాగంతో పోలిస్తే వేగం రెండింతలైతే నాళం సగమో అంతకంటే ఎక్కువో ఇరుకైందని అనుమానిస్తారు. ఇరుకు దాటాక ప్రవాహం నీరసిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కాలి ధమనిలో గుండె ఒక్కసారి కొట్టినప్పుడు రక్తం ముందుకు దూకి, కాస్త వెనక్కి తగ్గి, మళ్ళీ కొద్దిగా ముందుకు జరుగుతుంది. జబ్బుపడిన నాళంలో ఈ మూడంచెల నడక పోయి ఒకే మందకొడి అల మిగులుతుంది. “తొడ దగ్గర తాళం బాగుంది, కింద ఒకచోట తాళం తప్పింది” అన్నారు నాన్న బయటికి వచ్చాక.

రిపోర్టు కూడా దాదాపు అదే చెప్పింది. మోకాలి కింద పాదానికి రక్తం తెచ్చే మూడు ధమనుల్లో ఒకటి ఇరుకైంది, మిగతా రెండూ బాగున్నాయి. కాలు తీసే మాటే రాలేదు. మందులు రాశారు, రోజూ పాదాలు చూసుకోమన్నారు, చుట్ట మానమన్నారు. నాన్న చుట్ట మానేశారు. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది.

ఇలా రక్తప్రవాహాన్ని వినే పద్ధతికి 1950లలో జపాన్‌లోని ఒసాకాలో సతొమురా అనే పరిశోధకుడు, ఆయన తోటివారు దారి వేశారు. ఇప్పుడు గర్భంలోని శిశువుకు రక్తం సరిగా అందుతోందో లేదో చూసేదీ, గుండె కవాటాలు కారుతున్నాయేమో చూసేదీ ఈ సూత్రంతోనే.

బందరు రాడార్, గాదంకి, నక్షత్రాలు

ఇదంతా విన్నాక నాన్న, “మా ఊళ్ళో వాతావరణశాఖ వాళ్ళ దగ్గర ఉన్న డాప్లర్ రాడార్ కూడా ఇదేనా?” అన్నారు. ఆ ఇదే. మచిలీపట్నం, విశాఖపట్నం రాడార్లు ధ్వనికి బదులు రేడియో తరంగాలను పంపుతాయి. మేఘంలోని వానచినుకులకు తగిలి తిరిగి వచ్చే తరంగంలో మార్పును బట్టి, గాలి రాడార్ వైపు వస్తోందో దూరమవుతోందో, ఎంత వేగంతోనో తెలుస్తుంది. తుపానులో ఒక పక్క గాలి దగ్గరికి వస్తూ, మరో పక్క దూరమవుతూ ఉంటే అక్కడ సుడి ఉన్నట్టు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేల మందిని పొట్టన పెట్టుకున్నప్పుడు నాన్న బందరులోనే ఉన్నారు. “అప్పుడు మాకు ఆకాశం రంగే రాడార్” అని కాసేపు ఊరుకున్నారు.

తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న రాడార్ ఇంకా సున్నితమైనది. 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే 1,024 యాంటెన్నాల పొలం అది. వాన లేకపోయినా, పైగాలిలోని చిన్న చిన్న సుడుల నుంచి తిరిగి వచ్చే బలహీనమైన తరంగాలను పట్టి, ఎంతో ఎత్తులోని గాలుల వేగాన్ని కొలుస్తుంది.

ఇక డాప్లర్ కల కన్న నక్షత్రాల సంగతి. 1912లో అమెరికా శాస్త్రవేత్త స్లైఫర్ ఆండ్రోమెడా గెలాక్సీ కాంతిలో నీలం వైపు జరుగుడు చూసి, అది సెకనుకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తోందని లెక్క కట్టారు. ఆయన తరువాత కొలిచిన గెలాక్సీల్లో ఎక్కువ భాగం ఎరుపు వైపు జరిగాయి, అంటే దూరమవుతున్నాయి. 1929లో హబుల్ విశ్వం వ్యాకోచిస్తోందనడానికి ఆధారం చూపింది అలాంటి కొలతల నుంచే. అన్నట్టు, ఆకాశంలో ఎరుపు అంటే దూరం, ఆసుపత్రి తెర మీద ఎరుపు అంటే దగ్గర. పిల్లలు ఈ రెండింటినీ కలిపేయకూడదు.

ఇంట్లో చేసి చూడండి

ఒకటి: రైలు వేగం కొలవండి. ప్లాట్‌ఫాం మీద వెనకగానో, మిద్దె మీదో ఉండి ట్యూనర్ యాప్‌తో కూత శ్రుతి రెండుసార్లు చూడండి, వచ్చేటప్పుడు ఒకసారి, వెళ్ళాక ఒకసారి. పట్టాల దగ్గరికి మాత్రం వెళ్ళవద్దు. చాలా ఇంజన్ల హారనులో రెండు స్వరాలు ఉంటాయి, ఒక్కదాన్నే వెంబడించండి. రెండు సంఖ్యల తేడాను వాటి మొత్తంతో భాగించి, 340తో గుణిస్తే సెకనుకు మీటర్లలో వేగం వస్తుంది. హారను అసలు శ్రుతి తెలియనక్కరలేదు.

రెండు: పాత ఫోనులో 1,000 హెర్ట్జ్ శబ్దం పెట్టి, మేజోడులో వేసి, మీటరు పొడవు గట్టి తాడుకు కట్టి, ఆరుబయట తల చుట్టూ సెకనుకు రెండుసార్లు తిప్పండి. దూరంగా నిలబడ్డవారికి శ్రుతి సుమారు 964 నుంచి 1,038 దాకా ఊగుతుంది. తాడు తెగితే తగలనంత దూరంలో ఉండాలి.

ఇప్పుడు ప్రశ్నలు. 1. తాడు తిప్పేవారికి శ్రుతి ఎందుకు మారదు? 2. రైలూ మనమూ కదలకుండా, ఈదురుగాలి ఒకే వేగంతో వీస్తుంటే కూత శ్రుతి మారుతుందా? 3. వచ్చేటప్పుడు 440, వెళ్ళాక 360 హెర్ట్జ్ వినిపిస్తే రైలు వేగమెంత?

జవాబులు. 1. ఫోను అతని నుంచి ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటుంది కనుక. 2. మారదు. కబుర్లు త్వరగానో ఆలస్యంగానో చేరతాయి, కానీ గంటకొకటి చొప్పునే చేరతాయి. 3. 80ని 800తో భాగించి 340తో గుణిస్తే సెకనుకు 34 మీటర్లు, అంటే గంటకు 122 కిలోమీటర్లకు కొంచెం పైన.

నాన్న సంక్రాంతికి బందరు వెళ్ళిపోయారు. మొన్న ఫోనులో మా అమ్మాయితో అంటున్నారు: “ఇక్కడ రైలు మార్గం మా ఊళ్ళోనే ఆఖరు అమ్మడూ. ప్రతి బండీ మెల్లగా వచ్చి ఆగిపోతుంది. గాంధారమూ లేదు, షడ్జమమూ లేదు. వినాలంటే మళ్ళీ సచిన్ రావాల్సిందే.”